ఫోన్ ఇచ్చిండ్రు, అధికారం ఇయ్యలేదు

1992 జూన్‌లో బ్రిటన్‌లో జాన్ మేజర్ సర్కారు వాహనదారుల కోసం ఒక ఫోన్ నంబర్ పెట్టింది. రోడ్డు మీద పనేమీ జరగకున్నా కోన్లు పెట్టి దారి మూసేస్తే ఆ నంబర్‌కు ఫిర్యాదు చెయ్యొచ్చు. పేరు కోన్స్ హాట్‌లైన్. అంతకు ముందటేడు మేజర్ ఆర్భాటంగా ప్రకటించిన సిటిజన్స్ చార్టర్ నుంచి పుట్టిన ముచ్చట ఇది. మూడేండ్లు నడిపి 1995 సెప్టెంబర్‌లో మూసేసిండ్రు. వచ్చిన కాల్స్ 20 వేలు కూడా దాటలేదు. జనం నవ్వుకున్నరు.

కోన్ల బాధ అబద్ధమని కాదు. ట్రాఫిక్‌లో ఇరుక్కున్నోనికి అది నిజమైన బాధే. కానీ కోను తీసే అధికారం ఫోన్ ఎత్తేటోని చేతుల లేదు. రాసుకొని పైకి పంపాలె, అంతే. పైగా మనిషి కనబడనంత మాత్రాన పని ఆగినట్టు కాదు. పోసిన కాంక్రీటు గట్టిపడే దాక దారి మూసి ఉంచాల్సిందే.

అదే ఏడాది అక్టోబర్‌లో అదే సర్కారు 31 బొగ్గుబాయిలు మూస్తమన్నది. 30 వేల కొలువులు పోయే సంగతి. ఆ కార్మికులకు ఏ నంబర్ ఇచ్చిండ్రు? లండన్ వీధులు జనంతోని నిండినయ్, సర్కారు జంకింది. సింగరేణి బిడ్డలకు దీన్ని విడమరిచి చెప్పే పని లేదు. స్కాట్లాండ్ సొంత పార్లమెంటు అడిగితే మేజర్ ససేమిరా అన్నడు. 1997 ఎన్నికల్లో ఆయన పార్టీకి అక్కడ ఒక్క సీటూ దక్కలేదు. అదే ఏడాది సెప్టెంబర్ రెఫరెండంలో 74 శాతం మంది పార్లమెంటు కావాలన్నరు. 1999లో తెచ్చుకున్నరు.

మనకు ఫోన్లకు బదులు కాగితాలిచ్చిండ్రు. 1956లో పెద్దమనుషుల ఒప్పందం. 1969లో అష్టసూత్రాలు. 1973లో ఆరు సూత్రాలు. ఇగ 610 జీవో సంగతి ఉద్యోగ మిత్రులకు కంఠతా వచ్చు. 1985 డిసెంబర్‌లో వచ్చిన ఆ జీవో, నిబంధనలకు విరుద్ధంగా వచ్చిన స్థానికేతరులను 1986 మార్చి 31 కల్లా వెనక్కి పంపాలన్నది. మూడు నెలల పని. 2001లో దాని అమలు చూడమని గిర్‌గ్లాని కమిషన్ వేసిండ్రు. మూడు నెలల పని ఏమైందో తెలుసుకోను 15 ఏండ్లు దాటినంక ఒక కమిషన్! జీవో రాసినోళ్లే అమలు చెయ్యాల్సినోళ్లు, అమలు చెయ్యనోళ్లే ఫిర్యాదు తీసుకునేటోళ్లు. తెలివైన పిలగాండ్లు దరఖాస్తులు పెట్టి పెట్టి ఏజ్‌బార్ అయిండ్రు.

2014 జూన్ 2న రాష్ట్రం వచ్చింది. కొట్లాడినం గనుకనే వచ్చింది. అయితే ఫిర్యాదు తీసుకునుడే పరిపాలన అనుకునే జబ్బు ఆంధ్ర పాలకులతోనే పోయిందా? ఫోన్ ఎత్తే చిన్న ఉద్యోగిని తిట్టి లాభం లేదు, ఆయన చేతుల ఏముంది? గుంత పూడ్చమని ఆర్డర్ వేసే అధికారం ఎవరిదో, వాళ్ల పేరు, నంబర్ గల్లీలో బోర్డు మీద రాయమని అడగాలె.

మొన్న మా గల్లీల గుంత మీద నేనూ ఫోన్ చేసిన. మర్యాదగనే మాట్లాడిండ్రు, ఒక నంబర్ ఇచ్చిండ్రు. మూడో రోజు మెసేజ్ వచ్చింది, మీ ఫిర్యాదు పరిష్కరించబడింది అని. గుంత పక్కన నిలబడే చదువుకున్న.