గట్టు మీద గడ్డికీ ఓ లెక్కుంది!

ఎంగిలిపూల బతుకమ్మ రేపనగా జగిత్యాల, కోరుట్ల చుట్టుపక్కల పల్లెల్లో పిల్లాపెద్దా సంచులు పట్టుకుని చేల వెంట బయల్దేరతారు. బంతి, కట్ల ఎన్ని పేర్చినా తంగేడు, గునుగు లేని బతుకమ్మ వెలితే. ఒకప్పుడు గట్టు మీదే దొరికిన ఆ గునుగును ఇప్పుడు చాలామంది బజార్లో కట్టల లెక్కన కొనుక్కుంటున్నారు.

ఎందుకిలా? బంజర్లు తగ్గడం ఒక కారణం. గట్టు మీది గడ్డిని ఎప్పుడు, ఎలా తీస్తున్నామన్నది ఇంకోటి.

గునుగు ఏటా గింజ నుంచే మొలవాలి. వానలకు మొలిచి, బతుకమ్మ నాటికి పూస్తుంది. నల్లగా మెరిసే సన్నటి గింజలు రాలితేనే మరుసటేడు పూలు. పూయకముందే నేలమట్టంగా కోసేస్తే గింజెక్కడిది? అలాగని అసలే కోయకపోతే పొడుగు గడ్డి నీడలో చిన్న మొక్కలు బతకవు. కాబట్టి తప్పు కోతది కాదు, వేళది. ఇంగ్లండ్‌లోని రోతమ్‌స్టెడ్‌లో ఓ పచ్చికను 1856 నుంచి ఏటా కోస్తూనే ఉన్నారు. ఎరువు వేయని మడుల్లో నేటికీ 40 రకాల వరకు మొక్కలున్నాయి!

మన దగ్గరా బర్రెల కోసం పూటకో మోపు కోసేవారు. ఈ మూల కోసేసరికి ఆ మూల ఎదిగేది. పురుగూపుట్రా అటు చేరి బతికేవి. గడ్డిమందుకు ఆ ఓపిక లేదు. కొద్దిరోజుల్లోనే గట్టంతా మాడిపోతుంది.

పోయేవి పూలొక్కటే అనుకుంటే పొరపాటే. పొలాస పరిశోధనా స్థానం నుంచి వచ్చిన ‘జగిత్యాల సన్నాలు’ ఈ ఊరి పేరు నలుగురికీ తెలిపింది. అలాంటి వరికి కాపలాదారులు గట్టు మీదే ఉంటారు. సాలీళ్లు, అక్షింతల పురుగులు, కంటికి ఆననంత చిన్న కందిరీగలు. ఈ కందిరీగలు సుడిదోమ గుడ్లలోనే తమ గుడ్లు పెట్టి దాని సంతతిని తుంచేస్తాయి. వాటి కడుపు నింపేది మాత్రం పూలలోని తేనె.

చైనా, థాయిలాండ్, వియత్నాంలలో వరిగట్ల మీద నువ్వులు వంటి పూల మొక్కలు పెంచి చూశారు. పురుగుమందుల పిచికారీ 70 శాతం తగ్గింది, దిగుబడి 5 శాతం పెరిగింది. 2016లో వెలువడ్డ ఫలితమిది.

మరి మనమేం చేయొచ్చు? పొలంలో గునుగు కలుపే, తీయాల్సిందే. గట్టు మీద మాత్రం కొడవలికే పని చెప్పాలి. అన్ని గట్లూ ఒకేసారి కోయకుండా, ఒకటి కోస్తే పక్కది రెండు వారాలు ఆపాలి. బతుకమ్మకు పూలు కోసేటప్పుడూ నాలుగు కంకులు మొక్కకే వదలాలి.

వచ్చే ఏటి బతుకమ్మ ఆ నాలుగు కంకుల్లోనే ఉంది!