పేరు మార్చిన పాట

గడచిన వారము మార్కాపురమునందలి యొక పఠనమందిరములో కొందఱు పెద్దలు కూడి, మన పిల్లలు కొరియా పాటల వ్యామోహమున తెలుగును మఱచుచున్నారని విచారపడుచుండిరి. గిద్దలూరునుండి వచ్చి యిచట కళాశాలలో చదువుకొనుచున్న బాలిక యొకతె ఆ మాటలు విని, "మన పాటకు తెల్లవా రాడినప్పుడు మీరు మిఠాయిలు పంచితిరి గదా! అర్థము తెలియక వారాడుట మనకు గౌరవమైనచో, మేము పాడుట తప్పెట్లయినది?" అని యడిగెను. పెద్దలు నవ్వి యూరకుండిరి. మాకును తత్క్షణము సమాధానము తోచలేదు. న్యాయస్థానమున నిట్టి ప్రశ్న యెదురైనచో వాయిదా కోరియుందుము. పత్రికలో నా సదుపాయము లేదు.

ఆమె యుద్దేశించినది "నాటు నాటు" పాట. చంద్రబోసు రచించి, కీరవాణి స్వరపఱచి, రాహుల్ సిప్లిగంజు, కాలభైరవ పాడిన యీ గీతమునకు 2023 జనవరిలో గోల్డెన్ గ్లోబును, మార్చి 12వ తేదీన ఆస్కారును లభించినవి. భారతీయ చలనచిత్రములోని గీతమునకు ఆస్కారు వచ్చుట అదియే ప్రథమము. అంతకు ముందే, 2022 సెప్టెంబరు మాసాంతమున, లాస్ ఏంజెలీసులోని చైనీసు థియేటరునందు ప్రేక్షకులు కుర్చీలు విడిచి తెఱముందునకు పోయి గంతులు వేసిరి. 2023 ఫిబ్రవరిలో ఢిల్లీలోని కొరియా రాయబార కార్యాలయమువారు సైతము ఈ పాటకు నాట్యమాడి యా దృశ్యమును లోకమునకు చూపిరి. కథలో నా నృత్యము, తమ్ము నాట్యమెఱుగని మోటువారని యెగతాళి చేసిన యాంగ్లేయునకు దొరల విందులోనే మన యువకు లిద్దఱిచ్చిన ప్రత్యుత్తరము. అట్టి పాటకు ఆ దొరల సంతతివారే చప్పట్లు కొట్టగా చూచి మా మనస్సు పొంగలేదని చెప్పినచో నది యబద్ధము.

అయితే వారిలో ననేకులు విన్నదేమి? పాశ్చాత్యదేశములలో నీ చిత్రమును ఇంటింటికి చేర్చినది నెట్‌ఫ్లిక్సు సంస్థ. 2022 మే నెలలో నా సంస్థ ప్రదర్శించినది హిందీ ప్రతి. అందు నీ పాట పేరు "నాచో నాచో". అనగా ఆడుడు, ఆడుడు అని. తాళము నిలిచినది, అడుగులు నిలిచినవి. నాటు అను మాట మాత్రము పోయినది. నాటుకోడి, నాటువైద్యము, నాటుసరకు అనునపుడు మన నోటనే కొంత చిన్నచూపుతో వెలువడు నా మాటను కవి తీసికొని తలపాగాగా చుట్టినాడు. పాటలోని పౌరుషమంతయు నందే యున్నది. దాని స్థానమున ఆడుడని యన్నచో, ఏ దేశపు పెండ్లిలోనైనను పాడుకొనవచ్చును. అందుచేతనే కాబోలు, ఆస్కారు సభ నడపినవాడు దీనిని వేదికపైనుండియే బాలీవుడ్డు చిత్రమనెను. ఇది బాలీవుడ్డు కాదు, తెలుగు చిత్రమని దర్శకుడు రాజమౌళి రెండు నెలల క్రితమే అమెరికాలో నొక సభవారి యెదుట చెప్పియుండెను. విన్నవారు విన్నారు, లేనివారు లేదు.

ఈ దుర్గతి మనకే కలిగినది కాదు. 1961లో జపానున క్యూ సకమోటో పాడిన పాట యొకటి 1963 జూనులో అమెరికా గీతముల పట్టికలో మూడు వారములు ప్రథమస్థానమున నుండెను. "పైకి చూచుచు నడతును" అని దాని పేరునకు భావము. కన్నీరు రాలనీయక నడచుచున్న యొంటరివాని పాట. అమెరికాతోడి రక్షణసంధిని ప్రతిఘటించిన 1960 నాటి ప్రజోద్యమము విఫలమైన దుఃఖమున కవి రొకుసుకె ఐ దానిని వ్రాసెనని ప్రతీతి. ఆ పేరు పలుకుట కష్టమని పాశ్చాత్య వర్తకులు దానికి "సుకియాకి" యని పేరు పెట్టిరి. సుకియాకి యనగా గోమాంసముతో వండు నొక వంటకము! త్యాగయ్య కీర్తనను గోంగూర పచ్చడి యని యమ్మినట్లున్నది. ఏ దేశముతోడి సంధిని నిరసించి యా పాట పుట్టినదో, ఆ దేశమే దానిని వంటకము పేరిట కొని, విని, యానందించినది.

కొరియావారికిని మొదట నిట్లే జరిగెను. 2012లో సై అను గాయకుని "గంగ్నం స్టైల్" యూట్యూబులో నూఱుకోట్ల మాఱులు చూడబడిన మొదటి దృశ్యమైనను, చూచినవారు గుఱ్ఱపు గంతులకు నవ్విరేగాని, సియోలు నగరములోని ధనికుల పేట డాబును వెక్కిరించు పాట యని గ్రహించినవారు కొందఱే. పిమ్మట గాలి మాఱినది. బి.టి.ఎస్. బృందమువారు చాలవఱకు స్వభాషలోనే పాడిన "లైఫ్ గోస్ ఆన్" 2020లో అమెరికా పట్టికలో అగ్రస్థానమున కెక్కెను. అభిమానులు తామే పదపదమునకును అర్థము వ్రాసికొని యొండొరులకు పంచిపెట్టిరి. అమెరికా కళాశాలలలో 2016, 2021 సంవత్సరముల నడుమ పరభాషల చదువు మొత్తముమీద నూటికి 16 వంతులకు పైగా తగ్గగా, కొరియాభాష చదువువారు నూటికి 38 వంతున పెరిగిరి. ఇది పాట యొక్కటియే చేసిన పని కాదు. కొరియా ప్రభుత్వము సెజోంగు రాజు పేర 2012లో నొక సంస్థ నేర్పఱచి, దేశదేశములలో భాషాపాఠములు చెప్పించుచున్నది. పాట విని వచ్చినవానికి పలక బలపము సిద్ధముగ నుంచిరి.

మన భాషకును పూర్వమొక పాశ్చాత్య రసికుడు లభించెను. మన మార్కాపురము, కంభము సీమలు కడప జిల్లాలో నుండిన దినములలో, 1820లో కడపకు వచ్చిన బ్రౌను దొర వేమన పద్యములను సేకరించి, 1829లో ఆంగ్లానువాదముతో నచ్చొత్తించెను. 1852లో నిఘంటువును వెలువరించెను. ఆయన కుంఫిణీ యుద్యోగి యను సంగతి మఱవము. అయినను మెచ్చుకొనుటకు ముందు మాట నేర్చుకొనెను.

కనుక ఆ బాలిక చేసినది తప్పు కాదని మా తీర్పు. ఆమె రెండు నెలలలో కొరియా యక్షరములు నేర్చినది. లాస్ ఏంజెలీసులో గంతులు వేసినవారు మన "అ" నైనను ఎఱుగరు. అందు వారి దోషము స్వల్పము. చిత్రము నమ్ముకొనువారు విదేశ ప్రదర్శన హక్కుల పత్రములో, మూలభాషలోని ప్రతి లేనిదే యితర ప్రతిని చూపరాదని యొక్క షరతు వ్రాయించుకొనిన, సగము చిక్కు తీఱును. ఇంత చిన్న వాక్యమునకు గొప్ప ప్లీడరు సైత మక్కఱలేదు. తక్కిన సగము ప్రభుత్వమువారిది, విశ్వవిద్యాలయములవారిది, మనది.

ఇంటికి పోవుటకు ముందు ఆ బాలిక, మందిరమున మూల పడియున్న మన యూరి పలక నొకదానిని తుడిచి, తన పేరును కొరియా లిపిలో వ్రాసి చూపెను. పిమ్మట దాని క్రిందనే తెలుగులో నాటు అని వ్రాసి, "ఈ మాటకు అర్థమేమని సియోలునుండి యొక స్నేహితురాలు నన్నడిగినది. తెలుగు నేర్చుటకు ఆమెకే పుస్తకము పంపవలెను?" అని యడిగెను. రెండు బీరువాలు వెదకితిమి. దొరకినది బ్రౌను నిఘంటువు.