విరాటపర్వం నుంచీ మొదలుపెట్టవచ్చు

పదమూడు భాగాల కథలోకి కొత్తగా అడుగుపెట్టదలచిన మనిషికి ‘ముందు పన్నెండూ పూర్తిచేసి రా’ అని చెప్పడం సలహా అనిపించుకోదు. అది మర్యాదగా తలుపు వేయడం. జపాన్‌కు చెందిన నిహాన్ ఫాల్కమ్ సంస్థ రూపొందిస్తున్న ‘ట్రెయిల్స్’ వరుసలో పదమూడో ఆట ‘ట్రెయిల్స్ బియాండ్ ది హొరైజన్’ 2026 జనవరిలో ఇంగ్లీషులోకి వచ్చిన నాటి నుంచి, ఎక్కడ మొదలుపెట్టాలని అడిగిన ప్రతి కొత్త ఆటగాడికీ ఆ తలుపు చప్పుడే వినిపిస్తోంది. అడిగినవాడు ఒక్క ప్రశ్న అడుగుతాడు. జవాబుగా అతనికి వరుస అంకెలు వేసిన జాబితా, జాబితా కింద మినహాయింపులు, మినహాయింపుల కింద హెచ్చరికలు అందుతాయి. అదంతా చదివి ముగించేలోపు ఆడాలన్న కోరికే చల్లారిపోతుంది. జాబితా రాసేవారి ప్రేమను శంకించనక్కరలేదు గాని, వారి తర్కం మాత్రం పరీక్షకు నిలిచేది కాదు.

రోల్ ప్లేయింగ్ గేమ్, పొట్టిగా ఆర్పీజీ, అంటే ఆటగాడు ఒక పాత్రను తనదిగా స్వీకరించి, ఊళ్లు తిరిగి, మనుషులతో మాట్లాడి, పోరాటాల్లో అనుభవం కూడబెట్టుకుంటూ ఆ పాత్రను అంచెలంచెలుగా బలపరచుకునే ఆట. ఇలాంటి వరుసలన్నీ ఒక్క తీరువి కావు. 1987లో మొదలైన ‘ఫైనల్ ఫాంటసీ’లో అంకె మారినప్పుడల్లా దాదాపు లోకమూ మనుషులూ కూడా మారిపోతారు కనుక, పదహారోది ముందు ఆడి మొదటిది తర్వాత ఆడినా అడిగేవారుండరు. ట్రెయిల్స్ అలాంటిది కాదు. 2004 జూన్‌లో జపాన్‌లో వెలువడిన ‘ట్రెయిల్స్ ఇన్ ది స్కై’ మొదలుకొని ఇప్పటిదాకా ఒకే జెమూరియా ఖండం, ఒకే కాలక్రమం సాగుతున్నాయి: లిబర్ల్ రాజ్యంలో మూడు ఆటలు, క్రాస్‌బెల్ నగరంలో రెండు, ఎరెబోనియా సామ్రాజ్యంలో నాలుగు, వీటన్నిటినీ ముడివేస్తూ ఒకటి, కాల్వర్డ్ గణతంత్రంలో మూడు. ఒక్కోదానికి సగటున 50 గంటలే అనుకున్నా మొత్తం 650 గంటలు. ఉద్యోగమూ సంసారమూ ఉన్న మనిషి రోజుకు గంట చొప్పున కూర్చుంటే ఏడాదీ తొమ్మిది నెలలు దాటుతుంది. అప్పటికి పద్నాలుగోది రాదన్న హామీ కూడా లేదు.

జాబితాల పక్షాన చెప్పదగిన మాట లేకపోలేదు. ఈ వరుసకు ప్రాణం పోరాటాల్లో కన్నా వీధుల్లో ఎక్కువగా ఉంది. ఆటగాడి అధీనంలో ఉండక తమ పాటికి తాము ఊళ్లో మసలే పాత్రలను ఎన్‌పీసీలు అంటారు. చాలా ఆటల్లో వీరు అరిగిన రికార్డులా ఒకటే మాట వల్లిస్తారు. ట్రెయిల్స్‌లో మాత్రం ప్రధాన కథ ఒక్క అడుగు కదిలితే చాలు, అంగడివాడి దగ్గర నుంచి కాపలా సిపాయి దాకా దాదాపు అందరి నోటా కొత్త మాట పలుకుతుంది, అందువల్ల కథ సాగిన ప్రతిసారీ వెనక్కి మళ్లి గడపగడపా తొక్కి రావడం ఆటగాడికి వ్యసనమైపోతుంది. ఆంటన్ అనే యువకుడిని గమనిస్తే ఈ పనితనం తెలుస్తుంది. ప్రేమించదగిన అమ్మాయి కోసం లిబర్ల్ అంతా తిరిగి భంగపడిన ఇతడు, రికీ అనే స్నేహితుణ్ని వెంటబెట్టుకుని తర్వాతి కాలంలో క్రాస్‌బెల్‌లోనూ తేలతాడు. ఇతని గోడుకూ ఖండం భవితవ్యానికీ ఏ సంబంధమూ లేదు, అయినా పాత ఆటలు ఆడినవాడికి ఆ ముఖం పరాయి ఊళ్లో కనబడిన సొంతూరి మనిషిది. అలాగే తొలి ఆటలో ఒక రాత్రి తండ్రి గాయాలతో ఉన్న కుర్రవాణ్ని దుప్పటిలో చుట్టి ఇంటికి తెచ్చినప్పుడు బిత్తరపోయిన పదకొండేళ్ల ఎస్టెల్, ఆ కుర్రవాడు జాషువా, పెద్దవారై ఒకరిని వెతుక్కుంటూ క్రాస్‌బెల్‌కు వస్తారు. ఆ వెతుకులాట బరువు పూర్తిగా తెలియాలంటే లిబర్ల్ ఆటలు తెలిసి ఉండాలన్నది నిజం.

నిజమే గాని, ఈ నియమాన్ని బోధించేవారు స్వయంగా దాన్ని పాటించారా అన్నది చూడవలసిన విషయం. తెలుగు ఆటగాళ్లతో సహా జపనీస్ రానివారంతా ఈ కథలను ఇంగ్లీషులోనే చదువుకోవాలి, ఇంగ్లీషు అనువాదాలేమో వరుస తప్పకుండా ఎన్నడూ రాలేదు. 2004 నాటి తొలి ఆట ఇంగ్లీషులోకి 2011లో వచ్చింది. కథను నడిమధ్యలో తెంపి వదిలే దాని ముగింపు తర్వాత ఏమైందో తెలుసుకోవడానికి పాఠకుడు 2015 అక్టోబరు దాకా ఆగవలసి వచ్చింది. ఎరెబోనియా కథ ‘ట్రెయిల్స్ ఆఫ్ కోల్డ్ స్టీల్’ నాలుగు భాగాలూ 2015 నుంచి 2020 లోపు వచ్చేశాయి. వాటికన్నా ముందుది, 2010లోనే జపాన్‌లో విడుదలైన క్రాస్‌బెల్ కథ ‘ట్రెయిల్స్ ఫ్రమ్ జీరో’ మాత్రం అధికారికంగా ఇంగ్లీషు ముఖం చూసింది 2022 సెప్టెంబరులో, దాని ఉత్తర భాగం 2023 మార్చిలో. అంటే అభిమానులు సొంతంగా చేసుకున్న అనధికార అనువాదాలు దొరికినవారిని మినహాయిస్తే, ఒక తరం ఆటగాళ్లంతా నాలుగో, అయిదో పర్వాలు వదిలేసి ఆరోదానికి దూకినవారే. దూకినా కథను ప్రేమించారు, ప్రేమించారు గనకే ఈ రోజు జాబితాలు రాస్తున్నారు. తాము కిటికీలోంచి దూరి, వెనక వచ్చేవారిని సింహద్వారం గుండానే రమ్మనడం ఏ న్యాయమో వారే చెప్పాలి.

నడుమ నుంచి మొదలుపెట్టడం అపచారమైతే తెలుగు సాహిత్యంలో మొదటి దోషి తిక్కన అవుతాడు. పదకొండో శతాబ్దంలో రాజమహేంద్రవరంలో రాజరాజనరేంద్రుని కోసం భారతాన్ని తెనిగించిన నన్నయ ఆది, సభా పర్వాలు ముగించి అరణ్యపర్వం నడుమ ఆగిపోగా, పదమూడో శతాబ్దపు తిక్కన ఆ మిగులు భాగాన్ని అలాగే ఉంచి విరాటపర్వం నుంచి ఎత్తుకున్నాడు. పదిహేను పర్వాలు పూర్తిచేశాడు. ఇక్కడ గమనించవలసిన సూక్ష్మం ఒకటుంది. ఆయన తెగినచోట అతుకు వేయలేదు, ఒక పర్వం మొదలయ్యేచోట నిలబడి, హరిహరనాథునికి అంకితమిస్తూ కొత్తగా అవతారిక రాసుకుని, అప్పుడు కథలోకి అడుగుపెట్టాడు. ఆ పర్వంలో ధర్మరాజు కంకుభట్టుగా, భీముడు వలలుడనే వంటవాడుగా, అర్జునుడు బృహన్నలగా కొత్త పేర్లతో కొత్త కొలువులో చేరతారు కనుక, అంతకు ముందు ఒక్క పద్యమూ వినని శ్రోత కూడా అక్కడ పరాయివాడు కాడు. వానలు ముఖం చాటేసిన ఏడాది పల్లెల్లో విరాటపర్వం చదివించే ఆచారం ఉండేది. వినవచ్చిన రైతును అరణ్యపర్వం పూర్తిచేశావా అని అరుగు మీద ఆపినవారు లేరు. అసలు భారతం ఎక్కడ మొదలవుతుందన్న ప్రశ్నకు సంస్కృత మూలంలోని ఆదిపర్వమే ఒక్క జవాబు ఇవ్వలేదు: మనువు నుంచి చదివేవారు కొందరు, ఆస్తీకుడి కథ నుంచి కొందరు, ఉపరిచర వసువు నుంచి మరికొందరు అని మూడు గడపలు చూపించి ఊరుకుంది.

ట్రెయిల్స్ విషయంలోనూ తిక్కన పద్ధతే సరైన పద్ధతి. పర్వం మొదట్లో ప్రవేశించవచ్చు, నడుమ ప్రవేశించకూడదు. ‘జీరో’లో లాయిడ్ అనే యువ డిటెక్టివ్ అప్పుడే ఉద్యోగంలో చేరుతున్నాడు, ‘కోల్డ్ స్టీల్’ మొదటి భాగంలో రీన్ సైనిక విద్యాలయంలో కొత్త విద్యార్థి, కాల్వర్డ్ కథ మొదలయ్యే ‘డేబ్రేక్’లో వాన్ అనే వ్యక్తి పోలీసులూ ముట్టుకోని పనులు చేసిపెట్టే చిన్న కార్యాలయం నడుపుతుండగా ఒక విద్యార్థిని సహాయం కోరి వస్తుంది. ఈ మూడుచోట్లా కథ తనను తాను పరిచయం చేసుకుంటుంది. ‘కోల్డ్ స్టీల్’ రెండో భాగం, నాలుగో భాగం, ‘జీరో’ తర్వాతి ‘అజ్యూర్’ అలాంటివి కావు. అవి వాక్యం మధ్యలో మొదలవుతాయి. క్రాస్‌బెల్ కథా ఎరెబోనియా తొలి రెండు భాగాలూ ఆ లోకపు పంచాంగం ప్రకారం 1204వ సంవత్సరంలోనే, సరిహద్దుకు చెరోవైపు, ఇంచుమించు ఒకేసారి జరుగుతాయి. ఏది ముందు చూసినా రెండోదాని సంగతి కొంత ముందే తెలిసిపోతుంది కనుక, వాటి మధ్య ముందూ వెనకా అనే తగవే అర్థం లేనిది.

తక్కిన వరుసల చరిత్ర కూడా ఈ వాదాన్నే బలపరుస్తుంది. పోలండ్‌లో తయారైన ‘విచర్’ ఆటలు 2023 నాటికి మొత్తం ఏడున్నర కోట్లకు మించి అమ్ముడవగా, అందులో అయిదు కోట్లు 2015లో వచ్చిన మూడోదానివే. అంటే లెక్క ఎలా వేసినా లక్షలమంది మొదటి రెండూ తెలియకుండానే ఆ లోకంలోకి వచ్చారు. మొదటిది ఆడినవారు మాత్రం మొదట్లో ఉన్నారా అంటే అదీ లేదు, ఎందుకంటే ఆ కథానాయకుడు 1986 నుంచీ ఆంద్రేజ్ సప్కోవ్‌స్కీ కథల్లో బతుకుతున్నవాడు. అందుకే 2007 నాటి మొదటి ఆట అతనికి జ్ఞాపకాలు పోయినట్టు చూపించి, చదవనివారిని చదివినవారితో సమానం చేసింది. జపాన్‌లో ‘డ్రాగన్ క్వెస్ట్’ మూడోది కథాకాలంలో మొదటి రెండింటికన్నా ముందుది. ఈ మూడింటికీ కొత్త రూపమిచ్చినప్పుడు ప్రచురణకర్తలే 2024లో మూడోదాన్ని ముందు, 2025లో మొదటి రెండింటిని తర్వాత విడుదల చేశారు.

స్పాయిలర్, అనగా ముందు తెలియడం వల్ల కథలో రుచి పోగొట్టే సంగతి, జాబితాల పక్షానికి చివరి అస్త్రం. శశిరేఖ పెళ్లి ఎవరితో జరుగుతుందో తెలిసే ప్రేక్షకులు 1957లో ‘మాయాబజార్’కు వెళ్లారు, నేటికీ చూస్తూనే ఉన్నారు, భారతకథలోని ఆ చిత్రంలో పాండవులే కనిపించకపోయినా లోటు తోచినవారు లేరు. ఏం జరుగుతుందన్నది తెలిస్తే ఎలా జరుగుతుందన్నదాని మీద కన్ను పడుతుంది.

ఇంతకూ నడుమ వచ్చినవాడికి దారి చూపే బాధ్యత వినేవాడిది కాదు, చెప్పేవాడిది. ఆ బాధ్యతను తెలుగు వారపత్రికలు నెరవేర్చినంత శుభ్రంగా కోట్లు ఖర్చుపెట్టే ఆటల పరిశ్రమ నెరవేర్చడం లేదు. సీరియల్ పైభాగంలో చిన్న గీతల గడిలో ‘జరిగిన కథ’ అని పది పన్నెండు పంక్తులు ఉండేవి. దాన్ని సారాంశం అనుకోవడం పొరపాటు. అది ఒక ప్రత్యేక రచనా ప్రక్రియ. ముప్పై వారాల కథలో ఈ వారానికి అవసరమైన ముగ్గురి పేర్లు, వారి మధ్య చుట్టరికం, పోయిన వారం ఎవరు ఏ గుమ్మంలో నిలబడి ఉండగా కథ ఆగిందో ఆ దృశ్యం చెప్పాలి. హంతకుడెవరన్న అనుమానాన్ని మాత్రం చెక్కుచెదరనివ్వకూడదు. కథ పెరిగేకొద్దీ గడి పెరగదు కనుక ప్రతివారమూ ఏదో ఒకటి రాలిపోవాలి, ఏది రాలిపోవచ్చో తెలిసినవాడే మంచి ఉపసంపాదకుడు. బస్టాండు కొట్లో పదిహేడో వారం సంచిక తొలిసారి కొన్న ప్రయాణికుణ్ని కూడా ఆ గడి బస్సు కదిలేలోపు కథలో కూర్చోబెట్టేది.

ఆటల్లో ఈ పనిని శ్రద్ధగా చేసిన సందర్భాలు వేళ్లమీద లెక్కించదగినవి. ‘మాస్ ఎఫెక్ట్ 2’ 2011 జనవరిలో ప్లేస్టేషన్ 3కు వచ్చినప్పుడు ఆ యంత్రం మీద మొదటి భాగం లేదు. అందుకని బొమ్మల కథ రూపంలో పూర్వకథ చెబుతూ, మొదటి భాగంలో తీసుకోవలసిన కీలక నిర్ణయాలను అక్కడే ఆటగాడు తీసుకునేలా చేసి, వాటి ఫలితాలను తర్వాతి కథలోకి మోసుకెళ్లారు. ‘కోల్డ్ స్టీల్’ మూడో భాగంలోనూ మొదటి పేజీలోనే పూర్వకథ విభాగం ఉంది. ఇవి ‘జరిగిన కథ’కు దూరపు బంధువులు. మరోవైపు ఓటీటీ సీరియళ్లలో పూర్వకథ మొదలవగానే దాన్ని దాటవేసే మీట తెరమీద వెలుగుతుంది; కష్టపడి కూర్చిన గడిని చదవవద్దని సంపాదకుడే పక్కన రాసిపెట్టినట్టుంటుంది.

మొదటినుంచే రావాలని పట్టుబట్టేవారు అసలు అడగవలసిన ప్రశ్న మరొకటుంది: మొదటిది దొరుకుతుందా? 2010కి ముందు అమెరికాలో విడుదలైన పాత ఆటల్లో 87 శాతం ఇప్పుడు మామూలు అమ్మకంలో లేవని వీడియో గేమ్ హిస్టరీ ఫౌండేషన్ 2023లో తేల్చింది. అదే ఏడాది మార్చి 27న నింటెండో సంస్థ 3డీఎస్, వీయూ యంత్రాల ఆన్‌లైన్ దుకాణాల్లో అమ్మకం నిలిపివేసింది; డిజిటల్ రూపంలో మాత్రమే ఉన్న ఆటలకు అది తాళం వేసిన గోదామే. ‘స్కై’ అదృష్టవంతురాలు కనుక 2025 సెప్టెంబరు 19న కొత్త రూపంలో, ఇరవయ్యొక్క ఏళ్ల ఎదురుచూపుల చరిత్రను తిరగరాస్తూ, జపాన్‌లోనూ బయటా ఒకే రోజు విడుదలైంది. తక్కినవాటికి ఆ యోగం పట్టాలి. ఈ నిర్లక్ష్యం ఆటలదే అనుకోనక్కరలేదు. వారపత్రికల నుంచి పేజీలు కత్తిరించి ఇళ్లలో కుట్టుకున్న సీరియళ్ల బైండ్లను విప్పి చూస్తే ఎక్కడో ఒకచోట ఒక వారం ఉండదు, పక్కింటివారు తీసుకెళ్లి తిరిగివ్వని వారం. పుస్తకంగా రాని సీరియల్‌కు ఆ ఖాళీ శాశ్వతం. కొత్తవారికి క్రమశిక్షణ నేర్పడంలో ఖర్చయ్యే పట్టుదలలో పాతిక వంతు పాతవాటిని నిలబెట్టమని అడగడంలో ఖర్చయితే బాగుండేది.

తిక్కన వదిలేసిన ఖాళీ మాత్రం శాశ్వతం కాలేదు. పద్నాలుగో శతాబ్దంలో ఎర్రన వెనక్కి వెళ్లి అరణ్యపర్వ శేషాన్ని పూరించాడు. నన్నయ శైలితో మొదలుపెట్టి, నన్నయ కృతిభర్త అయిన రాజరాజనరేంద్రుని పేరనే ముగించాడు. నన్నయ తర్వాత దాదాపు మూడు వందల ఏళ్లకు జరిగిన ఈ అతుకును ఈ రోజు వరుసగా చదివేవారిలో ఎందరు పట్టుకోగలరు? ‘డేబ్రేక్’తో మొదలుపెట్టిన ఆటగాడికీ ఆ దారి తెరిచే ఉంది. కథ నచ్చితే ఏదో ఒక సెలవుల్లో అతడే వెనక్కి వెళ్లి, దుప్పటిలో చుట్టిన కుర్రవాడు ఇంటికొచ్చిన ఆ రాత్రిని చూసివస్తాడు. నచ్చకపోతే 600 గంటలు మిగుల్చుకుంటాడు.