గిటార్ ఖరాబు కాలేదు, ఎండ తగిలింది

"ఖరాబ్ మాల్ అంటగట్టిండ్రు. వాపస్ పంపు."

మే నెల నడిమధ్యన దేవరకొండలో మా బావ చెప్పిన తీర్పు ఇది. ముద్దాయి మంచం మీద పడుకుని ఉంది. మా అక్క కొడుకు ఏడాది పాటు పైసా పైసా కూడబెట్టి తెప్పించుకున్న ఎలక్ట్రిక్ గిటార్ అది. పొద్దున పదింటికి డబ్బా వచ్చింది, పదిన్నరకల్లా విచారణ అయిపోయింది. నేరాలు మూడు. మొదటి మూడు మెట్ల మీద ఏ తీగ నొక్కినా గర్ర్‌మంటోంది. మెడ అంచు వెంట చెయ్యి జారిస్తే మెట్ల కొనలు గోకుతున్నాయి. ఆంప్‌కు తగిలిస్తే వాయించకముందే గుయ్యిమంటోంది.

బావ ఒక్కడి మాటే అయితే నవ్వి ఊరుకుందును. కానీ నల్లగొండలోనూ పాలమూరులోనూ గిటార్ కొన్న ప్రతి ఇంట్లో ఇదే పాట వింటున్నాను. కొత్తది కొత్తగానే మోగాలట. మోగకపోతే మోసమట. లోపలి కడ్డీని ముట్టుకుంటే విరుగుతుందట, హైదరాబాద్ తీసుకుపోవాల్సిందేనట. చివరికి, అసలది మన ఎండలకు, మన చేతులకు పట్టే వాయిద్యమే కాదట. ఈ మాటలన్నీ తప్పు. తప్పని ఊరికే అంటే ఒప్పుకోరు కాబట్టి ఒక్కొక్కటే విప్పుతాను.

కొత్తది డబ్బాలోంచి తీయగానే మోగాలన్న మాట మన ఊళ్లలో ఎట్లా పుట్టిందో నాకర్థం కాదు. డప్పు పుట్టిన నేల కదా ఇది! మంట మీద కాపుకోనిదే డప్పు మోగదని ఇక్కడ పసిపిల్లలకూ తెలుసు. తేమకు తోలు సడలుతుంది, వేడికి బిగుస్తుంది. నడి ఊరేగింపులో ఆగి, ఇంత చెత్త పోగేసి, మంటేసి డప్పు కాపుకునేవాళ్లను చూసి "ఇది ఖరాబ్ డప్పు" అన్నవాణ్ణి నేనింతవరకు చూడలేదు. తోలుకు ఇచ్చిన ఆ మర్యాద కట్టెకెందుకు ఇవ్వం?

గిటార్ మెడ కట్టెదే. ఫ్యాక్టరీలో గాలి తేమను సుమారు సగం దగ్గర నిలిపి, ఆ గాలిలో మెట్లు కొట్టి, తీగలు కట్టి పెట్టెలో పెడతారు. ఆ పెట్టె ఓడలో, గోదాములో, లారీలో తిరిగి మే నెలలో దేవరకొండ చేరుతుంది. ఇక్కడ 44, 45 డిగ్రీల ఎండ, నాలుక పిడచకట్టే పొడిగాలి. కట్టెలోని చెమ్మ ఆవిరవుతుంది. చెమ్మ పోయిన కట్టె అడ్డంగా కుంచించుకుపోతుంది, దాంట్లో దిగిన లోహపు మెట్టు మాత్రం కుంచించుకోదు. అందుకే మెట్ల కొనలు బయటికి పొడుచుకొచ్చి అరచేతిని గోకుతాయి. ఎండాకాలంలో బండి చక్రానికి ఇనుప పట్టా వదులైతే మన తాతలు ఏం చేశారు? చక్రాలను చెరువులో నానేశారు. కట్టె ఉబ్బింది, పట్టా బిగిసింది. వడ్రంగి మీద కేసు పెట్టలేదు. చక్రానికి జరిగిందే గిటార్ మెడకూ జరిగింది. దాన్ని చెరువులో వెయ్యక్కర్లేదు, సన్నని ఆకురాయితో నాలుగు సార్లు కొనలు సవరిస్తే చాలు.

గర్ర్‌మనే చప్పుడు కథ ఇంకొంచెం లోతైనది. పది నంబరు తీగల సెట్టు ఆరింటినీ శ్రుతి చేస్తే మెడ మీద పడే లాగుడు మొత్తం సుమారు 45 కిలోలు. అంటే నిండు యూరియా బస్తా ఒకటి ఆ సన్నని కట్టెకు రాత్రింబవళ్లు వేలాడుతున్నట్టు లెక్క. అంత లాగుడుకు మెడ ముందుకు వంగిపోకుండా దాని లోపల ఒక ఉక్కు కడ్డీ ఎదురు బలం పెడుతుంది. అదే ట్రస్ రాడ్. అమెరికాలో గిబ్సన్ కంపెనీలో పనిచేసిన థాడియస్ మెక్‌హ్యూ 1923లో పేటెంట్ పొందిన పద్ధతి అది. సర్దుకోవడానికి వీలుగా ఉండాలనే దాని కొసన నట్టు పెట్టారు. ముట్టుకోకూడనిదైతే నట్టెందుకు, దానికి సరిపోయే తాళంచెవి డబ్బాలో పెట్టి పంపడమెందుకు?

తీగలకూ కడ్డీకీ మధ్య జరిగే ఈ పెనుగులాటలో వాతావరణం మూడో మల్లుడు. గాలి పొడిబారితే మెడ మామూలుగా వెనక్కి వాలుతుంది. తీగలు మొదటి మెట్లకు రాసుకుని గర్ర్‌మంటాయి. గాలిలో చెమ్మ పెరిగితే మెడ ముందుకు వంగుతుంది, తీగలు ఎత్తుకు లేచి వేలు నొప్పెడుతుంది. మా మేనల్లుడి గిటార్ మేలో వచ్చింది, మొదటి మెట్లలో గర్ర్‌మంది. ఇందులో మోసమెక్కడుంది? గిటార్ వాతావరణ సూచన చదివింది, అంతే.

ఇక హైదరాబాద్ తీసుకుపోవాలన్న మాట. అప్పుడు మేము ఇంట్లోనే చేసిన పని చెబుతాను, ఎంత దూరం పోవాలో మీరే తేల్చండి. ముందు గిటార్‌ను రోజంతా ఇంటి గాలికి వదిలేశాం. తర్వాత శ్రుతి చేశాం. మొదటి మెట్టు దగ్గర ఒక వేలు, పదిహేడో మెట్టు దగ్గర ఒక వేలు పెట్టి అన్నిటికంటే లావు తీగను నొక్కితే, ఆ తీగే నిటారు కొలబద్ద అవుతుంది. ఏడు, ఎనిమిది మెట్ల దగ్గర తీగకూ మెట్టుకూ మధ్య ఎంత సందుందో చూడాలి. పావు మిల్లీమీటరు ఉండాలి. దాన్ని కొలిచే పరికరం మన ఊళ్లో లేదంటారా? బస్టాండు దగ్గర బైకు మెకానిక్‌ను అడగండి. టాపెట్ సందు సెట్ చేసే ఫీలర్ గేజ్ అతని డబ్బాలో ఉంటుంది. మేమూ అదే అడిగి తెచ్చాం. అన్నిటికంటే సన్న రేకు కూడా దూరలేదు. సందు సున్న. మెడ వెనక్కి వాలిందనడానికి అంతకంటే సాక్ష్యం అక్కర్లేదు.

డబ్బాలో వచ్చిన అలెన్ కీ పెట్టి ఎడమకు, అంటే వదులు చేసే దిక్కుకు, పావు చుట్టు తిప్పాం. ఆగాం. మళ్లీ శ్రుతి చేసి కొలిచాం. ఇంకో పావులో సగం. రేకు దూరింది. గర్ర్ పోయింది. కడ్డీ విరుగుతుందన్న భయం పూర్తిగా ఉత్తది కాదు. బిగించే దిక్కుకు ఒక్కసారే రెండు చుట్లు తిప్పితే నట్టు మర పోతుంది. దానికి మందు పావు చుట్టు, ఓపిక. భయపడి అసలు ముట్టుకోకపోవడం మందు కాదు.

గిటార్లు బాగుచేసేవాళ్లు చేసినా, తెలిసినవాళ్లు చేసినా తప్పులేదు. కానీ ఒకసారి చేయించుకుంటే జీవితాంతం సరిపోతుందని నమ్మితే మళ్లీ మోసపోయినట్టు అనిపిస్తుంది. ఎండాకాలంలో ఒకసారి, వానలు పడ్డాక ఒకసారి చూసుకోవాల్సిన పని ఇది. ఏడాదికి రెండుసార్లు హైదరాబాద్ బస్సెక్కేకన్నా పావు చుట్టు నేర్చుకోవడం చవక.

ఇంకో దురభిప్రాయం వాయించడం కొంత వచ్చినవాళ్లదే. తీగలు మెట్లకు ఎంత దగ్గరుంటే అంత మంచి గిటార్ అని వాళ్ల నమ్మకం. మోగే తీగ నిటారుగా నిలబడదు, ఊగుతుంది. ఊగడానికి చోటు కావాలి. గట్టిగా మీటేవాడికి ఎక్కువ చోటు, సుతారంగా మీటేవాడికి తక్కువ. పదిహేడో మెట్టు దగ్గర లావు తీగ కింద 1.6 మిల్లీమీటర్లు అనేది ఫెండర్ కంపెనీ చెప్పే మొదటి కొలత. అక్కడ మొదలుపెట్టి మీ చేతిని బట్టి పెంచుకోవాలి, తగ్గించుకోవాలి. పక్కింటివాడి చెప్పు కొలత మీ కాలికి పనికిరాదు.

శ్రుతి నిలవడం లేదన్న గోల కూడా ఇలాంటిదే. కొత్త తీగ సాగుతుంది. కొత్తగా అల్లిన నులక మంచం వారానికే ఉయ్యాలైతే, కాళ్ల వైపు తాడు లాగి బిగిస్తాం గానీ మంచం అల్లినవాణ్ణి తిట్టం కదా. తీగను మెల్లగా పైకి లాగి వదిలి, మళ్లీ శ్రుతి చేస్తూ పోతే మూడు నాలుగు సార్లకు నిలబడుతుంది. ఆ తర్వాత పన్నెండో మెట్టు పరీక్ష. అది తీగకు సరిగ్గా సగం. అక్కడ వేలు ఆనీ ఆననట్టు పెట్టి మీటితే వచ్చే పై స్థాయి నాదం, నొక్కి మీటితే వచ్చే స్వరం రెండూ ఒకటే కావాలి. నొక్కిన స్వరం హెచ్చితే, బ్రిడ్జ్ మీద ఆ తీగ ఆనే చిన్న ముక్కను మెడ నుంచి దూరం జరపాలి. తగ్గితే దగ్గరికి తేవాలి. స్క్రూడ్రైవర్ పట్టడం వచ్చిన ఎవరైనా అరగంటలో ఆరు తీగలూ చూడొచ్చు.

గుయ్యిమనే మోత మీద బావకు కోపమెక్కువ. ఆ గిటార్‌లోని పికప్‌లు సింగిల్ కాయిల్. అయస్కాంతం చుట్టూ సన్నని రాగి తీగ వేల చుట్లు. గిటార్ తీగ కదలికను పట్టే ఆ చుట్టలే ఇంట్లోని 50 హెర్ట్జ్ కరెంటునూ పట్టుకుంటాయి. గిబ్సన్‌లో సేథ్ లవర్ రెండు కాయిళ్లను ఎదురెదురుగా కలిపి ఆ మోతను కొట్టేయించే హంబకర్‌ను 1955లో తయారుచేశాడు. దాని పేరుకే మోతను అణిచేదని అర్థం. సింగిల్ కాయిల్‌కు కొంత మోత పుట్టుకతో వచ్చిన గుణం.

అయితే ఇక్కడ ఒక్క మాట నవ్వులాట కాదు. తీగను తాకితే జివ్వుమని షాక్ కొడితే గిటార్‌ను వాపస్ పంపి లాభం లేదు, ఇంకోటి తెచ్చినా కొడుతుంది. ముందు ఆంప్ ప్లగ్గు తీసేసి, దాన్నీ ఇంటి ఎర్తింగునూ ఎలక్ట్రీషియన్‌తో చూపించండి. మన వైపు చాలా ఇళ్లల్లో మూడో పిన్ను రంధ్రం ఉంటుంది, దాని వెనక వైరు ఉండదు. వైరున్నా ఉప్పు, బొగ్గు వేసిన ఎర్తింగ్ గుంత ఎండాకాలంలో ఎండిపోయి ఉంటుంది. మా అక్కవాళ్లింట్లో అంతే. ఎలక్ట్రీషియన్ చెప్పినట్టు ఆ గుంతలో నాలుగు బిందెలు పోశాక మోత సగానికి తగ్గింది. గిటార్ పుణ్యమా అని ఇంటి ఎర్తింగ్ బాగుపడింది. తీర్పు మార్చడానికి బావకు ఇదొక్కటీ చాలదా?

చివరి వాదన అన్నిటికంటే పెద్ద నోటితో వచ్చేది, ఇది మన వాయిద్యం కాదని. మెట్లు కట్టి, వాటిని స్వరానికి సర్దుకోవడం మనకు కొత్తా? పాలమూరు నేలలో, ఇప్పటి నాగర్‌కర్నూల్ జిల్లా లింగాల మండలం అవుసలికుంట నుంచి వచ్చిన దర్శనం మొగులయ్య వాయించేది పన్నెండు మెట్ల కిన్నెర. 2022లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. ఆ కిన్నెరకు వెదురు దండె, సొరకాయ బుర్రలు, మైనంలో కూర్చిన మెట్లు. పూర్వం ఆ మెట్లు అలుగు పొలుసులతో చేసేవారు. ఆ మెట్టు పక్కకు జరిగితే వాయించేవాడే సర్దుకుంటాడు. వీణకూ 24 మెట్లు మైనంలోనే కూర్చుతారు, కొన్నేళ్లకు మళ్లీ మేళం కట్టిస్తారు. గిటార్ ఆ పనిని నాలుగు స్క్రూలకు, ఒక నట్టుకు అప్పజెప్పింది. పాలకొల్లులో పుట్టిన ఉప్పలపు శ్రీనివాస్ పరాయి మాండలిన్‌ను ఎలక్ట్రిక్ చేసి, జంట తీగలు తీసి అయిదు ఒంటి తీగలు కట్టించి, కచేరీ వేదిక ఎక్కించాడు. వాయిద్యాన్ని తన చేతికి సర్దుకున్నవాడికి అది పరాయిది కాలేదు.

నిజంగా ఖరాబైన గిటార్లు ఉండవా అంటే ఉంటాయి. వాటిని వాపస్ పంపాల్సిందే. తల దగ్గర చీలిక, మెలితిరిగిన మెడ, ఎంత సర్దినా ఒక్క మెట్టు దగ్గరే మూగబోయే స్వరం, పలకని పికప్, తిప్పితే జారిపోయే మర. ఇవి ఫ్యాక్టరీ పాపాలు. వాటినీ ఎండ చేసిన పనినీ ఒకే గాటన కట్టడమే నా అభ్యంతరం. అట్లా కట్టినందుకే మంచి గిటార్లు వాపస్ పోతున్నాయి, లేదా అటక మీద దుమ్ము పడుతున్నాయి. "నా వేళ్లకే రాదేమో" అనుకుని పిల్లలు మానేస్తున్నారు. నష్టపోయేది వాళ్లే.

శ్రావణంలో మళ్లీ దేవరకొండ వెళ్లాను. రెండు రోజులుగా ముసురు. మేనల్లుడు గిటార్‌ను ఒళ్లో పెట్టుకుని, నాలుక బయటపెట్టి, ఫీలర్ గేజ్ రేకులు ఒక్కొక్కటే దూర్చి చూస్తున్నాడు. సందు పెరిగింది. తీగలు కొంచెం వదులు చేసి, అలెన్ కీని ఈసారి కుడికి పావు చుట్టు తిప్పాడు.

గడపలో చెప్పులు విడుస్తూ బావ అడిగాడు. "ఏందిరా, మళ్ల ఖరాబైందా?"

వాడు తలెత్తకుండానే జవాబిచ్చాడు. "లే నాయినా. వానలొచ్చినయ్."