బొచ్చు లేకపోతే పనుండదా?

"ఇల్లంతా బొచ్చు రాలదు, నీకేం పనుండదమ్మా!" పిల్లలు కుక్క కావాలని పేచీ పెట్టినప్పుడు తల్లిని ఒప్పించడానికి దొరికిన కొత్త మాట ఇది. అమెరికాలో ఉంటున్న మా బంధువులమ్మాయి ఇంట్లో ఈ మధ్య ఇదే గొడవ. చైనీస్ క్రెస్టెడ్ అనే చిన్న జాతి కుక్కని తెచ్చుకోమంటావా పిన్నీ అని అడిగింది. తనకి చెప్పినవే ఇక్కడ రాస్తున్నాను.

కుక్క మంచిదే. పనుండదన్న మాటే అబద్ధం. చీపురు పని తగ్గుతుంది, ఆ పని కాస్తా కుక్క ఒంటి మీదకి మారుతుంది.

ఇది ఒక అడుగు ఎత్తు, నాలుగైదు కిలోల బరువు ఉంటుంది. తల మీద కుచ్చు, పాదాలకి మేజోళ్ళు తొడిగినట్టు కాస్త బొచ్చు, తోకకి కాస్త. మిగతా ఒళ్ళంతా బోడి. ఒకే ఈతలో పుట్టిన కూనల్లో కొన్నింటికి మాత్రం ఒంటి నిండా పట్టులాంటి బొచ్చుంటుంది. వాటిని పౌడర్ పఫ్ అంటారు. అవి కల్తీవి కావు, అదే జాతి. బొచ్చు పోవడానికి కారణమైన జన్యువుని శాస్త్రవేత్తలు 2008లో గుర్తించారు. ఈ మార్పు తల్లి నుంచీ తండ్రి నుంచీ రెండు వైపులా వస్తే ఆ పిండం బతకదు. అందుకని బోడి కుక్కలన్నింటిలోనూ అది ఒక వైపు నుంచి వచ్చిందే ఉంటుంది. కాబట్టి "మా దగ్గర అన్నీ బోడి కూనలే పుడతాయి" అని ఎవరైనా హామీ ఇస్తే నమ్మకండి.

అదే జన్యువు పళ్ళని కూడా దెబ్బ తీస్తుంది. చాలా వాటికి కొన్ని పళ్ళు అసలు రావు, వచ్చినవి త్వరగా ఊడిపోతాయి. అంటే పళ్ళు తోమాలి, డాక్టరుకి చూపించాలి, పెద్దయ్యాక మెత్తటి తిండి పెట్టాలి.

ఇక చర్మం సంగతి. ఈడొచ్చిన పిల్లల మొహాల్లాగే దీనికీ మొటిమలు, నల్లమచ్చలు వస్తాయి. ఘాటు లేని షాంపూతో తరచూ స్నానం చేయించాలి, ఒళ్ళు పొడిబారకుండా క్రీము రాయాలి. ఎండలోకి వెళ్తే చర్మం కమిలిపోతుంది. మనం రాసుకునే సన్‌స్క్రీన్ రాసేయకూడదు. కుక్క ఒళ్ళు నాక్కుంటుంది, జింక్ ఆక్సైడ్ కడుపులోకి పోతే దానికి విషం. కుక్కల కోసం తయారుచేసినదే వాడాలి, లేదా పల్చటి నూలు చొక్కా వెయ్యాలి. చలికాలం స్వెట్టరు తప్పదు. కొన్నింటికి ఉన్ని పడదు, దద్దుర్లొస్తాయి.

ఒళ్ళు ముట్టుకుంటే కాలుతున్నట్టుంటుంది. కంగారు పడకండి. మిగతా కుక్కల్లాగే దీనికీ 101 నుంచి 102.5 డిగ్రీల వేడి మామూలే. మధ్యలో బొచ్చు లేక మన చేతికి నేరుగా తగులుతుంది. జ్వరమనుకుని ఇంట్లో ఉన్న పారాసెటమాల్ మాత్ర మాత్రం వెయ్యకండి. దానివల్ల కుక్క కాలేయం పాడవుతుంది.

అలర్జీ ఉన్నవాళ్ళకి ఇదే మంచిదని ఇంకో ప్రచారం. అలర్జీ తెచ్చేవి కుక్క ఉమ్ములోనూ, చర్మం పొట్టులోనూ ఉంటాయి. ఈ కుక్కకీ ఉమ్ము ఉంది, చర్మం ఉంది. ఇంట్లో ఉబ్బసం ఉన్నవాళ్ళుంటే ముందు కొన్ని గంటలు దాని దగ్గర కూర్చుని చూసుకోవాలి.

జుట్టున్నమ్మ ఏ కొప్పు పెట్టినా అందమే అంటారు కదా, ఆ లెక్కన ఈ కుక్కని చూసి నవ్వేవాళ్ళే ఎక్కువ. కాలిఫోర్నియాలో ప్రపంచంలోనే అనాకారి కుక్క అంటూ పోటీ పెడతారు. శామ్ అనే ఈ జాతి కుక్క 2003 నుంచి వరసగా మూడేళ్ళు గెలిచింది. రూపం మీద మాటలు పడటం మన ఆడవాళ్ళకి కొత్త కాదు కాబట్టి ఆ విషయంలో నేను కుక్క పక్షమే. గుణానికి వంక పెట్టలేం. మనిషిని అంటిపెట్టుకుని ఉంటుంది, ఒళ్ళో దూరి పడుకుంటుంది. అందుకే రోజంతా ఒంటరిగా వదిలేస్తే బెంగపెట్టుకుంటుంది.

అసలు చిక్కు ఇక్కడే ఉంది. రోజంతా ఇంట్లో ఎవరుంటారు? ఈ కుక్క పదమూడు, పద్నాలుగేళ్ళు బతుకుతుంది. ఇవాళ పేచీ పెడుతున్న పదేళ్ళ పిల్లాడు మధ్యలోనే కాలేజీకి వెళ్ళిపోతాడు. ముసలిదై, పళ్ళూడిన కుక్క అమ్మ దగ్గరే ఉంటుంది.

అందుకే ఆ అమ్మాయికి ఒకటే చెప్పాను. స్నానం ఎవరు చేయిస్తారు, క్రీము ఎవరు రాస్తారు, పళ్ళు ఎవరు తోముతారు, డాక్టరు దగ్గరికి ఎవరు తీసుకెళ్తారు అన్నది కాగితం మీద రాయించమన్నాను. నాలుగింటి ఎదురుగా "అమ్మ" అనే ఉంటే, కావాలో వద్దో చెప్పే హక్కు కూడా అమ్మదే. తనకి నిజంగా ఇష్టమైతే హాయిగా తెచ్చుకోవచ్చు. ఇష్టం లేకపోతే వద్దనవచ్చు. అలా అన్నందుకు మనసు లేనిదానివని ఎవరూ అనక్కర్లేదు.