నాణేల మీద మొలిచిన మొక్క

ఆత్మకూరులోనైనా, ఉదయగిరిలోనైనా పొదుపు పథకాల ప్రకటనలను ఒకసారి పరికించి చూడండి. నాణేల దొంతరపై రెండాకుల మొక్క, వీపున చీలిక ఉన్న పంది బొమ్మ, తల్లిదండ్రులనూ పిల్లలనూ కాచే పెద్ద గొడుగు. పేర్లు చెరిపివేస్తే ఏ ప్రకటన ఎవరిదో వేయించిన బ్యాంకులే పోల్చుకోలేవు.

వీటిలో పంది బొమ్మకు మన ఇండ్లలో చోటు లేదు. కారణం చెప్పనవసరం లేదు. అలాగని ఆగ్రహించవలసినదీ లేదు. జావా ద్వీపంలో మజపహిత్ రాజ్యకాలంలోనే పంది ఆకారపు మట్టి డిబ్బీలు ఉండేవి. అక్కడి భాషలో ‘చెలెంగ్’ అంటే అడవిపంది. ప్రపంచంలోకెల్లా ఎక్కువమంది ముస్లింలు నివసించే ఇండోనేషియాలో నేటికీ డిబ్బీని ‘చెలెంగాన్’ అనే అంటారు. మన పిల్లలకు కుమ్మరి చేసిన ముంత చాలు.

నా అభ్యంతరమల్లా ఆ మొక్క మీదనే. లోహంలో వేరు పారదు. నాణెం తనంతట తాను పెరగదు. దానిని అప్పుగా తీసుకున్నవాడు ఎక్కడో చెమటోడ్చి వడ్డీ కట్టినప్పుడే అది పెరుగుతుంది. అతడు మన మెట్ట ప్రాంతపు రైతే కావచ్చు. వాన మొగం చాటేసిన ఏడు కూడా అతడు కట్టవలసినదే. బొమ్మలో మొక్క ఉంది, అతడు మాత్రం లేడు. దివ్యఖుర్ఆన్‌లోని అల్ బఖరా సూరాలోనూ ఒక గింజ ఏడు వెన్నులుగా ఫలించే ఉపమానం ఉన్నది. అయితే అది దాచిపెట్టిన ధనాన్ని గూర్చి కాదు, దైవమార్గంలో వెచ్చించిన ధనాన్ని గూర్చి. వడ్డీని నిషేధించే ఆయతులు ఆ సూరాలోనే, మరికొంత ముందుకు పోగానే వస్తాయి. ప్రకటనకర్తలు దానానికి చెందిన పచ్చదనాన్ని ఎరవు తెచ్చి వడ్డీకి తొడిగారు.

పొదుపును ఇస్లాం నిరసించలేదు. హజ్రత్ యూసుఫ్ (అలైహిస్సలాం) ఏడేండ్ల పంటలో తినగా మిగిలినదానిని వెన్నులతోనే నిలువ చేయమన్నారు. ఆ నిలువ రానున్న కరవులో జనం ఆకలి తీర్చడానికి.

మన జిల్లాలోనే బొమ్మ అక్కరలేని పొదుపు ఒకటి పుట్టింది. కలిగిరి మండలం దూబగుంట స్త్రీలు 1990ల తొలినాళ్లలో సారాపై తిరగబడ్డారు. 1993 అక్టోబరు 1 నుండి రాష్ట్రమంతటా సారా నిషేధం అమలైంది. ఆ ఉద్యమపు వెన్నంటే నెల్లూరు జిల్లాలో పొదుపు లక్ష్మి సంఘాలు వెలిశాయి. రోజుకు ఒక రూపాయి, నెలకు 30. ఆ రూపాయి ఎక్కడిదో ఊరందరికీ తెలుసు, అది సారా అంగడికి పోకుండా ఆగిన రూపాయి. సంఘాలు ఇచ్చే అప్పులపై వడ్డీ ఉన్న మాట నిజమే, ఆ విషయంలో మన దారి వేరు. అయినా అక్కడ ఇచ్చేవారూ పుచ్చుకునేవారూ ఒకరి మొగం ఒకరు ఎరిగినవారు.

బొమ్మే కావాలంటే ఉదయగిరి చెక్క చెంచాను వేయవచ్చును. దుర్గం కొండ కర్రతో ముస్లిం కుటుంబాల స్త్రీపురుషులు చెక్కే ఆ చెంచా కాడపై నగిషీలో చేతి శ్రమ ఎవరికైనా కనిపిస్తుంది. దానికి భౌగోళిక గుర్తింపు కూడా లభించింది. ప్రకటనల వారికి ఇంకా కనబడినట్టు లేదు.

ఇక గొడుగు. పేరులోనే పైరునూ బంగారాన్నీ కలుపుకొన్న అగ్రిగోల్డ్‌ను మన రాష్ట్రం మరచిపోలేదు. అది బ్యాంకు కాదు. అయినా 30 లక్షలకు పైగా జనం తమ కూడబెట్టిన సొమ్మును దాని చేతిలో పోశారు. చెల్లింపులు ఆగిపోయిన తరువాత వారికి కార్యాలయాల చుట్టూ తిరగడమే మిగిలింది. నిజమైన బ్యాంకుకు గొడుగు ఉన్నది, కాని దానికి కొలత ఉన్నది. బ్యాంకు మూతపడితే డిపాజిటు బీమా సంస్థ ఒక్కొక్క డిపాజిటుదారునికి, ఆ బ్యాంకులోని అతని ఖాతాలన్నీ కలిపి, అసలూ వడ్డీతో సహా 5 లక్షల రూపాయల వరకే చెల్లిస్తుంది. 2020 ఫిబ్రవరికి ముందు అది లక్ష మాత్రమే. గొడుగు బొమ్మ క్రింద ఈ అంకెను పెద్ద అక్షరాలతో అచ్చువేయడానికి ఖర్చేమీ కాదు. ఇంటికి వచ్చి కాగితం చాపి సంతకం అడిగేవారిని మాత్రం మీ సంస్థ బ్యాంకేనా, మా సొమ్ముకు ఆ బీమా వర్తిస్తుందా అని ముందే అడగండి. జవాబును కాగితం మీద వ్రాయించుకోండి.