పేరుకు నగరం

ప్రపంచంలోకెల్లా పెద్ద నగరమేది అన్న ప్రశ్న విజ్ఞాన పోటీలలో తరచు వినవస్తుంది. కొందరు చైనాలోని చోంగ్‌చింగ్ పేరు చెబుతారు. 2020 జనాభా లెక్కల ప్రకారం అక్కడ 3 కోట్ల 20 లక్షల మంది ఉన్నారు గనుక ఆ జవాబు సరైనదే అనిపిస్తుంది. కాని దాని వైశాల్యం 82 వేల చదరపు కిలోమీటర్లు. దాదాపు ఆస్ట్రియా దేశమంత! అందులో అత్యధిక భాగం కొండలు, పొలాలు, పల్లెలు. నగరపు నడిబొడ్డు విభాగాలలో నివసించేవారు సుమారు ఒక కోటి మాత్రమే.

ఈ వింతకు కారణమేమి? మనకు నగరమంటే ఇండ్లు, వీధులు, బజార్లు కిక్కిరిసిన చోటు. చైనాలో నగరమన్నది అన్నిటికంటె ముందు ఒక పాలనా హోదా. ఆ హోదాలో ప్రధానంగా మూడు అంతస్తులున్నవి. బీజింగ్, షాంఘై, తియాన్‌జిన్, 1997లో సిచువాన్ నుండి విడివడిన చోంగ్‌చింగ్ - ఈ నాలుగూ కేంద్రానికి నేరుగా లోబడి ప్రావిన్సులతో సమానంగా ఉన్నవి. రెండవ అంతస్తు నగరాలు ప్రావిన్సు క్రింద ఉంటూ, సాధారణంగా చుట్టుపట్ల కౌంటీలపై కూడ అజమాయిషీ చేస్తాయి. మూడవవి కౌంటీ స్థాయి నగరాలు. కనుక నగరంలో నగరం ఉండడం అక్కడ విడ్డూరం కాదు. జియాంగ్సు ప్రావిన్సులో 20 లక్షలకు పైగా జనాభా గల కున్‌షాన్, సుజౌ అనే మరొక నగరం పాలనలోనిదే. నగర విభాగాల క్రింద వీధి కార్యాలయాలు, వాటి పరిధిలో నివాసుల సంఘాలు పనిచేస్తాయి.

పరిశ్రమలున్న నగరం చుట్టుపట్ల పల్లెలకు చేయూత కావాలన్న ఆశయంతో 1983 నుండి కౌంటీలను నగరాల క్రిందికి తేవడం ముమ్మరమైనది. రహదారులకు, నీటికి, మార్కెట్లకు ఒకే ప్రణాళిక ఉండడం మేలే. అయితే పెత్తనం చేతికి వచ్చిన నగరం కౌంటీల నిధులను, భూములను తన అవసరాలకే మళ్ళిస్తుందన్న విమర్శ కూడ చైనాలోనే బయలుదేరినది. జెజియాంగ్ ప్రావిన్సు మాత్రం ఆర్థిక వ్యవహారాలలో కౌంటీలతో నేరుగా సంబంధం నిలుపుకున్నది. ఇదే వివేకమని నా అభిప్రాయం. తన ఆదాయంపై తనకే అధికారం లేని ఊరికి హోదా పెంచినందువల్ల ఒరిగేదేమి?

ఇంతకంటె ముఖ్యమైనది మనిషి సంగతి. 1958 నాటి చట్టంతో స్థిరపడిన హుకౌ అనే నివాస నమోదు పద్ధతి ప్రజలను వ్యవసాయదారులు, వ్యవసాయేతరులు అని విడదీసినది. ఆ భేదాన్ని తొలగించనున్నట్లు 2014లో ప్రభుత్వం ప్రకటించినా, పెద్ద నగరాలలో పిల్లల చదువు మొదలైన సౌకర్యాలు నేటికీ స్థానిక నమోదుతో ముడిపడియే ఉన్నవి. నగరపు మేడలు కట్టిన కూలీ, నమోదు పుస్తకంలో పరాయివాడుగా మిగలవచ్చును.

కనుక విద్యార్థి మిత్రులారా! అంకెను కంఠస్థం చేయడంతో మన చదువు ముగియరాదు. సరిహద్దు గీత ఎవరు గీసినారు, దానివల్ల ఎవరికి మేలు కలిగినది అని కూడ ప్రశ్నించవలెను. నగరపు గొప్పతనానికి కొలత దాని వైశాల్యం కాదు. అందులో నివసించే కడపటి మనిషికి అది ఇచ్చే హక్కు మాత్రమే.